రెండో నంబరు

తెల్లారి నాలుగింటికి
బెండిగోలో జులై చలి, గడ్డి మీద మంచు పేరుకుంది.
పైజమా మీద కోటు, చేతిలో ఫోను లైటు,
నా పెరట్లో నేనే దొంగలా వంగి
మా బుడంకాయ ఏం వదిలిందో చూస్తున్నాను.

పగలంతా ల్యాబులో ఊరివాళ్ల డబ్బాలు చూసే ఉద్యోగం నాది.
పేరు, పుట్టిన తేదీ, బార్‌కోడు.
పదకొండేళ్లలో ఏ మూత తీస్తున్నా
గుండె దడదడలాడింది లేదు.
ఇప్పుడు మాత్రం
ఆరు కిలోల నల్ల కెల్పీ పిల్ల
తోక కాళ్ల మధ్య దాచుకుని
తప్పు చేసినట్టు నా వైపు చూస్తుంటే
లైటు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.
చలికే అనుకుందాం.

"లంఖణం పరమౌషధం" అంది హైమ దుప్పట్లోంచి.
నేనూ తలూపి గిన్నె ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాను.
డాక్టర్ రోవీనా కస్సుమంది.
నాలుగు నెలల పిల్లకి ఉపవాసాలేమిటి,
ఒంట్లో చక్కెర పడిపోతే కళ్లు తేలేస్తుంది, అంది.
సామెత కూడా బరువు చూసి వాడాలని
ఆవేళ తెలిసింది.

వస్తూ వస్తూ ఒక చార్టు ఇచ్చింది.
ఏడు బొమ్మలు, ఏడు నంబర్లు.
మేం ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నాం.
చేరాల్సింది రెండు.
హైమ వద్దంటున్నా దాన్ని ఫ్రిజ్‌కే అంటించాను.

మొదటి వారం
అందరూ చెప్పిందే: ఉడికించిన కోడి, మెత్తటి అన్నం.
మా ఇంట్లో కోడి వాసనకి అదే ఆరంభం.
హైమ ముక్కుకి చున్నీ కట్టుకుని
కిటికీలన్నీ తెరిచి
కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టింది.
రెండ్రోజులు గట్టిపడినట్టే పడి
మూడోనాడు వంటింట్లో, హాల్లో,
నా ఎడమ బూటులో.

పక్కింటి డెస్,
నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులు,
కంచె మీదుగా ఒక ఎముక ఊపి
"మావన్నీ దీంతోనే పెరిగాయి, ఒక్కటీ చావలేదు" అన్నాడు.
ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయని నేనడగలేదు.
బుడంకాయ అనడం నోరు తిరక్క
బడ్డీ అంటాడు.
ఇది దానికీ పలుకుతుంది, సిగ్గులేకుండా.

దుకాణంలో ఒక గోడ గోడంతా సంచులే.
ప్రతి సంచి మీదా నవ్వుతున్న కుక్క,
ఒక్కదానికీ కడుపునొప్పి ఉన్నట్టు లేదు.
వెనక్కి తిప్పి చదివితే
గొర్రె అని రాసినదాంట్లో ఐదో మాట కోడి.
చేప అన్నదాంట్లో కోడి కొవ్వు.
"కూర్చో" అంటే కూర్చున్నందుకు
మేం మెచ్చుకుంటూ పెట్టిన బిస్కెట్లోనూ అదే.

పాత డైరీలో నిలువు గీత కొట్టాను.
తిన్నది ఎడమ పక్క, దిగింది కుడి పక్క.
పది రోజులకి
కుడి పక్క గొడవంతా ఎడమ పక్క ఒక్క మాటలో ఉంది.
ప్రేమగా, గోరువెచ్చగా,
చేత్తో కలిపి మరీ పెట్టాం.

దీని నోరు ఇంతవరకూ ఎరగని మాంసం కావాలి, అంది రోవీనా.
కంగారూ.
ఈ దేశం వచ్చిన కొత్తలో
కారాపి ఫోటో తీసుకున్నాం దాన్ని.
ఇప్పుడు ఎర్రగా, పొట్లంలో, కిలో ధరతో.
కౌంటర్లో అమ్మాయి బార్బెక్యూనా అని నవ్వింది.
"పథ్యం" అన్నాను, తెలుగులో.

ఉడికించిన గుమ్మడి ఒక చెంచా కలిపి నాలుగు రోజులు.
తర్వాత, ఎముకలు ఎదగాలి గనక,
అదే మాంసంతో కుక్కపిల్లలకని చేసిన సంచి.
ముందు పావు వంతు, రెండ్రోజులకి సగం,
తొందరపడొద్దని మాకు మేమే చెప్పుకుంటూ.

ఇవాళ పొద్దున
మంచు మీద ఆవిరి లేస్తూ, రెండో నంబరు.
అచ్చం బొమ్మలో ఉన్నట్టే.
నా కేకకి హైమ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.
కంచె అవతల డెస్ టీ కప్పు పైకెత్తాడు,
ఎముక గెలిచిందనుకున్నాడేమో.

ల్యాబులో మొదటి డబ్బా మూత తీసే ముందు
పేరు చదివాను. రెండుసార్లు.

ఇంటికొచ్చేసరికి
గుమ్మం దగ్గర తివాచీ అంచు లేదు.
డైరీ తీసి ఎడమ పక్క రాసుకున్నాను:
ఊలు, రెండంగుళాలు.