తలుపు సందులో అంకె

డ్రైవరు తలుపు తెరిచాక
మెడ వంచితే తప్ప కనబడని చోట
ఒక పసుపు చీటీ ఉంటుంది.
పదమూడేళ్ళు ట్రక్కు నడిపాను,
ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

ఎల్కో ఊరి చివర బళ్ళమ్మే చోట
లైల్ స్టెబ్బిన్స్ చెబుతూనే ఉన్నాడు:
ఈ ట్రక్కు పదకొండు వేల పౌండ్లు లాగుతుంది,
కొండని కట్టినా కదుల్తుంది.
పక్కనున్న పెద్ద ఎస్‌యూవీకి
ఎనిమిది వేల దగ్గరే ఆయాసమట.
నా మనసు అప్పటికే ట్రక్కెక్కి కూర్చుంది.

గనుల్లో పంపులు బాగుచేసేవాణ్ణి.
గ్రీజు డబ్బాలు విసిరెయ్యడానికి వెనక తొట్టి కావాలి నాకు.
పైగా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య అంత నిడివి ఉంటే
విన్నెముకా దాటాక అడ్డంగా కొట్టే గాలికి
ట్రైలర్ తోకాడించినా
ముందున్న బండి తలాడించదు.
ఇది అబద్ధం కాదు. ఇప్పటికీ అంటాను.

నెరేయా ఇంజను గురించి అడగలేదు.
తలుపు తీసి, మెడ వంచి,
ఫోన్ వెలుగులో చీటీ చదివింది.
మనుషులూ సరుకూ కలిపి
పద్నాలుగు వందల ఎనభై పౌండ్లు మించరాదు.
"లాగడం వేరు, మోయడం వేరు" అంది.

ట్రైలర్ తన ముక్కుని బండి మీద ఆనిస్తుంది,
అది ఏడు వందల యాభై.
దాన్ని పట్టి ఉంచే ఇనప సరంజామా తొంభై.
మిగిలిన ఆరు వందల నలభైలో మేం.

మేమంటే నిరుటిదాకా నలుగురం.
మార్చి నుంచి ఏడుగురం.
నెరేయా చెల్లెలు ఇదోయా
రీనోలో మందు మాన్పించే ఆస్పత్రిలో ఉంది.
ఎన్నాళ్ళని అడిగితే
అక్కడెవరూ క్యాలెండర్ వైపు చూడరు.
ఆమె పిల్లలు ముగ్గురూ మా హాల్లో, పరుపుల మీద.
నెలకోసారి వాళ్ళమ్మని చూడాలి.
ఏడుగురికి మోటెల్ అంటే మాటలా?
అందుకే ట్రైలర్. అందుకే ఈ బేరం.

ట్రక్కులో ఇరుక్కుంటే ఆరుగురు పడతారు.
"ఏడో పిల్లాణ్ణి తొట్టిలో వేద్దామా, గడ్డిమోపులా?"
లైల్ నవ్వాడు.
నెరేయా నవ్వలేదు.

ఆ రాత్రి బరువు చూసే మిషన్ని వంటింట్లో పెట్టాం.
నేను రెండు వందల ఐదు.
బూట్లు విప్పమన్నారు, విప్పినా అంతే.
నెరేయా నూట నలభై.
డారాకి పద్నాలుగేళ్ళు, అందర్నీ బయటికి తోలి ఎక్కింది,
అంకెని కాగితమ్ముక్క మీద రాసి, మడిచి ఇచ్చింది.
బ్రెట్ జేబుల్లో రాళ్ళతో ఎక్కాడు, మళ్ళీ ఎక్కించాం.
అమైయా. కోల్.
చివర్న ఉనాయ్, ఆరేళ్ళవాడు,
పొట్ట లోపలికి లాక్కుని
ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.
నలభై నాలుగు.

కూడికలో ఉన్నాను, తలెత్తలేదు.

"నేను బరువా?" అన్నాడు.

ఎక్కడ విన్నాడో.
ఏ వరండాలోనో ఎవరో పెద్దవాళ్ళు
వాడి తలమీదుగా అనుకుని ఉంటారు ఆ మాట.

నేనేం జవాబిచ్చానో చెప్పుకోదగ్గది కాదు.
దిగు, సూప్ చల్లారిపోతోంది, అలాంటిదేదో.
తర్వాత కాగితం మీద
నా పనిముట్ల పెట్టె కొట్టేశాను, నూట పది.
జనరేటర్ కొట్టేశాను.
ట్రైలర్ ట్యాంకులో నీళ్ళు కొట్టేశాను,
రీనోలో కుళాయిలుంటాయి.
ఏడు పేర్లూ అలాగే ఉంచాను.

ఎస్‌యూవీ చీటీ మీద పదహారు వందలు.
అన్నీ పోగా ముప్పై మిగిలింది.

ఇప్పుడు హైవే మీద గంటకి అరవై మైళ్ళు దాటను.
ఈ బండి పొట్టిది. గాలి తోస్తే
ముందు నా భుజాలకి తెలుస్తుంది.
లైల్ చెప్పినవన్నీ నిజాలే.

బ్యాటిల్ మౌంటెన్ దగ్గర
నా పాతదాని లాంటి ట్రక్కొకటి మమ్మల్ని దాటింది.
తొట్టి ఖాళీ,
లోపల ఒక్కడే మనిషి.
చెయ్యి ఊపాడు.
మూడో వరసలోంచి ఉనాయ్ ఊపాడు బదులుగా,
రెండో చెయ్యి
ఒళ్ళోని వాళ్ళమ్మ ఇనప మూకుడు మీదే ఉంచి.

అది పన్నెండు పౌండ్లు.
ఇంకా పద్దెనిమిది ఉంది.