పదును

కొండపి దగ్గర మా బ్యారన్‌కి
రెండు తలుపులు, పద్దెనిమిది అడుగుల కడుపు,
దారంతో వేలాడే ఓ పాత థర్మామీటరు.
ఇరవై రెండేళ్లుగా దాని ముఖం చూసే బతికాను.

పచ్చాకు కర్రలకెక్కిన మొదటి రాత్రి
తొంభై అయిదు దాటనివ్వను.
సరుగుడు మొద్దు ఒక్కటి ఎక్కువ పడిందా,
ఆకు పసుపెక్కకుండానే బిగుసుకుని
పచ్చగానే చచ్చిపోద్ది.
వేలంలో దాన్ని ఎవడూ ముట్టడు.
అందుకే గంటగంటకీ లేచి టార్చి వేసి చూస్తాను.
మాల్యాద్రి అంత ఓర్పుగలోడు లేడని
పక్కూరి రైతులు కూడా మనిషిని పంపుతారు.

ఆ ఓర్పుని టార్చితో పాటు
బ్యారన్ మేకుకి తగిలించి ఇంటికి పొయ్యేవాణ్ణి.

వీధి మలుపులో నా బండి చప్పుడు వినపడితే
టీవీ గొంతు దానంతటదే తగ్గేది.
చెంచులక్ష్మి చేతిలో గరిట ఆగేది.
మహిత పుస్తకంలోకి ముఖం దించేది.
ఆ పుస్తకం తలకిందులుగా ఉందని ఒకరోజు నేనే చూశాను.
చూసి, దానిక్కూడా అరిచాను.

మా నాయన ఇట్టానే అరిచేవాడు.
ఆయన నాయన చెర్నాకోల పట్టేవాడు.
"మగాడన్నాక ఆ మాత్రం వేడి ఉండాల" అని
టీకొట్టు కాడ అందరం నవ్వుకునేవాళ్లం.
వేడికి అంకె ఉంటదని తెలిసినోణ్ణి
అక్కడ నేనొక్కణ్ణే.
నేనూ నవ్వాను.

బేళ్ల లెక్కలో తేడా వచ్చిందని
బామ్మర్ది పేరయ్యకి అర్ధరాత్రి ఫోన్లో ఓ మాట పంపాను.
పొద్దున్నే చెరిపేశాను.
చెరిపిన చోట చెరిపినట్టు రాసి ఉంది.
నాలుగేళ్లయింది, ఇంకా ఉంది.

మొన్న మాఘంలో అంకబాబు పొయ్యి కాడ కునుకు తీశాడు.
పదిహేడేళ్ల పిల్లోడు, మూడు రాత్రుల నిద్ర బాకీ.
వేడి నూట ముప్పైకి పోయింది.
చెయ్యెత్తాను.
వాడు అడ్డం పెట్టుకోలా.
కళ్లు మూసుకుని
"అన్నా, ముందు పై కిటికీ తెరువు, తర్వాత కొట్టు" అన్నాడు.

తెరిచాను.
ఆవిరి బుస్సుమని పోయింది.
పోయేదాకా ఇద్దరం తలెత్తి చూస్తా నిలబడ్డాం.
ఆ తర్వాత కొట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లా.

ఆరో రోజు మంట ఆపాక
ఆకుని వెంటనే దించం.
ఎండి గలగలమంటా ఉంటది, ముట్టుకుంటే పొడి.
తలుపులు బార్లా తెరిచి
ఒక రాత్రి మంచుకి వదిలేస్తాం.
తెల్లారేసరికి పదునుకొస్తది,
పాత పంచెలా చేతికి చుట్టుకుంటది.
కత్తికి పదునంటే కోత.
ఆకుకి పదునంటే మెత్తన.
ఇన్నేళ్లూ రెండూ ఒకే నోటితో పలికాను,
ఇంట్లో మొదటిదే వాడాను.

మా నాయనమ్మ, ఎవరొచ్చినా, అప్పులోడొచ్చినా,
చెంబుతో నీళ్లిచ్చి, తాగాకే మాటెత్తేది.
ఆ చెంబు అటక మీద నల్లబడి దొరికింది,
చింతపండుతో తోమాను.
ఇంటికొచ్చి గుమ్మంలోనే కూచుని
నాకు నేనే నీళ్లు ముంచుకుంటాను.
మహిత దూరం నుంచి గుక్కలు లెక్కపెడతది.
కొన్ని రోజులు చెంబు చాలదు.
నిన్న అరిచాను కూడా, గేదె పలుపు తెంచుకుందని.
"పై కిటికీ" అంది చెంచులక్ష్మి, నవ్వకుండా.

ఈ పొద్దున కారుమంచి పోయాను, పేరయ్య ఇంటికి.
నన్ను చూసి లేవలా, పొమ్మనలా.
లోపలికి తిరిగి "నీళ్లు తెండి" అన్నాడు.
తాగాను.
"ఈ ఏడు రేటెట్టా ఉంటది బావా?"
చెంబు వైపు చూస్తా అడిగాడు.

"రేటు సంగతి తర్వాత" అన్నాను,
"ఆకింకా పదునుకు రాలా."