అతుకు పడని ఆట

మార్చిలో ఒక మంగళవారం హెలికాప్టర్ దిగింది
కుల్లోర్సువాక్‌లో, మా బొటనవేలు కొండ కింద.
గాలి ఒప్పుకోక రెండు వారాలు
ఉపెర్నావిక్‌లో ఆగిపోయిన టపా అంతా ఒక్క సంచిలో:
కాఫీ పొడి, నాన్న మోకాలి మందు,
పడవ ఇంజనుకి ప్లగ్గులు,
అడుగున మా తమ్ముడు ఎర్నీరాక్ పేర
పల్చటి నీలం డబ్బా.

డిస్కుని అంచుల్లో పట్టి వెలుతురుకెత్తి చూశాడు,
సీలు తోలు బేరమాడేవాడిలా.
గీత లేదు. మచ్చ లేదు.

మింగింది యంత్రం. కాసేపు గొణిగింది.
తర్వాత తెరమీద, ఎంతో మర్యాదగా:
ఆడే ముందు దించుకోవలసినవి
అరవై ఒక్క గిగాబైట్లు.

మా ఊరికి ఇంటర్నెట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది,
ప్రతి చుక్కకీ వెల.
అమ్మ కవరు వెనక పెన్సిలుతో లెక్క కట్టి
ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.
"దీనికి పాత స్నోమొబైల్ ఒకటి వస్తుంది," అంది.

కోపం నాకు వచ్చింది, వాడికి కాదు.
ఒక కాలి బూటు పెట్టెలో పెట్టి
జత ధర పుచ్చుకున్నట్టు లేదూ?

డిస్కు అచ్చుకి వెళ్ళిపోయాక కూడా
దాన్ని చేసినవాళ్ళు ఆరు వారాలు నిద్రపోలేదట,
ఏదో నగరంలో, చల్లారిన నూడుల్స్ ముందు
తప్పులు ఏరుతూనే ఉన్నారట.
పుస్తకం ఒక దారిన వచ్చింది.
తప్పొప్పుల పట్టిక ఇంకో దారిన బయల్దేరి
మా దాకా రాలేదు.

ఎర్నీరాక్ "తర్వాత" అన్న మాట మీద నొక్కాడు.
ఉన్నదున్నట్టు ఆడాడు.

ఆటలో ఒక వంతెన. కంటికి ఉంది, కాలికి లేదు.
పదిహేడుసార్లు ఏట్లో పడ్డాడు.
ఆ తర్వాత ఒడ్డున ఆగి,
వసంతపు మంచుని నాన్న గునపంతో తట్టినట్టు
తట్టి తట్టి, ఎడమ అంచున
బెత్తెడు గట్టిచోటు కనుక్కున్నాడు.

రొట్టెలమ్మే ముసలాయన గోడలోకి నడిచి
అక్కడే నడుస్తూ ఉంటాడు, పగలూ రాత్రీ.
అతనికి లార్సెరాక్ అని పేరు పెట్టాం,
కళ్ళజోడు మరిచొచ్చిన రోజు మా పంతులు గుర్తొచ్చి.

ఇక రాణి.
ఆమె నోరు కదలదు, గొంతు రాదు.
యుద్ధానికి వెళ్ళనా అని వీరుడు అడిగితే
కనుబొమ్మలు మాత్రం పైకి లేస్తాయి.
"పాడైపోయింది," అన్నాను.
మంచం మీంచి అమ్మమ్మ కసిరింది:
"అవునంటోంది కదే! మనలాగే చెప్పింది.
నోటితో కూడా చెప్పాలా?"

మూడేళ్ళకి వాడు ఆసియాత్‌లో హాస్టలు చేరాడు.
అక్కడ తీగ లావు.
అడక్కుండానే, ఒక రాత్రి, నిద్రలో
అరవై ఒకటీ వచ్చి పడ్డాయి, పైన మరో ఇరవై.

పొద్దున్నే ఫోను.
"అక్కా, వంతెన నిలబడింది.
లార్సెరాక్ రొట్టెలమ్ముతున్నాడు."
కాసేపు ఊపిరి చప్పుడు.
"రాణి మాట్లాడుతోంది. ఆపకుండా."
అమ్మమ్మకి చెప్పనా అన్నాను.
వద్దన్నాడు.

ఈ వేసవిలో వచ్చాడు. ఓడలో తిన్న చేపల వాసనతో,
గడ్డం అనుకుంటున్న నాలుగు వెంట్రుకలతో.
యంత్రంలో ఉన్నదంతా చెరిపేశాడు.
ఆ అతుకులు పంపే చోటుని వచ్చే ఏడు మూసేస్తారట.
అప్పుడు లోకంలో మిగిలేది
ఈ నీలం డబ్బాలో ఉన్న
అచ్చుతప్పుల ప్రతే.

అలాగని వాళ్ళని మన్నించానని కాదు.
కవరు వెనక అమ్మ గీసిన రెండు గీతలు
ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

డిస్కు పెట్టాడు. దించుకోవాలా అని అడిగింది.
తర్వాత, అన్నాడు.

ఎడమ అంచున బెత్తెడు చోటు మీద
ఏరు దాటి, కోట మెట్లెక్కి
రాణి ముందు నిలబడ్డాడు.
రాణి కనుబొమ్మలు ఎత్తింది.
మంచం మీద దిండుకానుకుని
అమ్మమ్మ కూడా.