నూట పది అడుగుల ఎత్తున

నెబ్రాస్కాలో, వెల్డన్ ఊరి నీళ్ల ట్యాంకు మీద
నూట పది అడుగుల ఎత్తున
ఖాళీ ఉందని తేల్చారు.
నెలకు తొమ్మిది వందల డాలర్లు, ఇరవై ఏళ్ల లీజు.
టైపు చేసింది నేనే.
అద్దెకిచ్చేది గాలినే అయినా
ఆ మాట ఎక్కడా రాలేదు.

కౌన్సిల్లో చేతులన్నీ లేచాయి.
వెనక కుర్చీలో ఎమెట్ క్రౌజ్ ఒక్కడే
టోపీ తిప్పుతూ అడిగాడు:
"ఏ వైపు బిగిస్తారు?"

తూర్పు వైపు.
డెబ్బై ఎనిమిదిలో, నడుముకి తాడు కట్టుకుని
అతను ఊరి పేరు రాసిన వైపు.

ఇప్పుడు హైవే మీంచి చూస్తే
మా ఊరికి చివరి అక్షరం లేదు.
నా భాషలో అక్షరమంటే చెరగనిది.
చెరగలేదు లెండి,
అద్దెకు పోయింది.

నిన్న మొక్కజొన్న చేను నడుమ నుంచి
ఎమెట్ ఫోన్ చేశాడు.
"బాగా వినబడుతోందా?"
పక్కనే ఉన్నట్టుంది గొంతు.
ఇంకేం అడగలేదు.