ఐదో కణుపు

మొదటి ప్రశ్న మొహం గురించి.
నిటారుగా కిందికి దిగిందా, గోడలాగా?
లేక ముందుకు వాలిందా?
నిటారే అయితే ఏడో ప్రశ్నకు పో.
కాదంటే రెండోదానికి.

పుస్తకం అట్లా వేలు పట్టుకుని నడిపిస్తుంది,
ప్రతి మలుపులో నిలబెట్టి
అవునా కాదా అంటుంది.
మధ్యలో దారి లేదు.

భూతద్దం కింద బూడిదరంగు పురుగు.
వెన్ను మీద కందిపప్పు రంగు మచ్చలు,
మెడ మీద మాత్రం రెండు, కుంకుమ అద్దినట్టు.
ఒంటికన్నా పొడుగు మీసాలు
వెనక్కి వంపు తిరిగి
కొలబద్ద దాటిపోయాయి.
కన్ను గుండ్రంగా లేదు,
మీసం మొలిచే చోటుకు జరిగి జాగా ఇచ్చి
చిక్కుడుగింజలా ఒంగింది.
మీసం కోసం కన్ను తగ్గడం
ఈ కుటుంబంలోనే చూశాను.

కాలి చివర కణుపులు లెక్కపెట్టాను. నాలుగు.
సరిగ్గా చూడు, అంది పుస్తకం.
సూదిమొనతో విడదీస్తే
మూడోదాని చీలికలో ఒదిగి
ఇసకరేణువంత ఇంకొకటి.
ఉండీ లెక్కకు రానిది.

మా నాయన ఉసేనప్ప
కోడూరు తోటల్లో పురుగు తీసే మనిషి.
చేతిలో సైకిల్ పుల్ల, కొన కొక్కెంగా వంచింది.
భుజాన కిరసనాయిలు సీసా, సంచిలో దూది.
దూదేకిన వంశం కదా,
ఊళ్ళో అందరూ ఫోము పరుపులు కొన్నాక
ఆ దూది చెట్ల బొక్కలకొచ్చింది.

బేనీషా మొదట్లో చెవి ఆనించి వింటాడు.
"కొరుకుతాండాది సూడు, కరకరా,
లోపల ఎవురో శెనిక్కాయలు తింటాండట్ల."
పొట్టు రాలిన చోట పుల్ల దూర్చి
తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి
బొటనవేలంత తెల్లపురుగును లాగుతాడు.
పురుగుకు రూపాయి.
నా పరీక్ష ఫీజు మూడువందల నలభై పురుగులు.

ఆయన లెక్కలో జాతులు మూడే.
మామిడి పురుగు.
చీనీ పురుగు.
చెట్టు ఎటూ దక్కదు గానీ
కూలి కోసం తీసే పురుగు.

జూలైలో, మొదటి వాన వెలిసిన రాత్రి
రైల్వే గేటు దీపం కింద
ఈ మీసాలది ఆయన తువ్వాల మీద వాలింది.
విదిలించలేదు.
మెడ దగ్గర పట్టుకుంటే
కిర్రుమంది, నూనె లేని తలుపు బందులాగా.
"అరిసే పురుగుమ్మా! నీ సదువుకు పనికొస్తాదేమో" అని
సద్దిగిన్నెలో పెట్టి తెచ్చాడు.

ఇది నీ పురుగే నాయనా, అన్నాను.
నీ పుల్లకు అందకుండా మిగిలితే
ఏడాదికి ఇట్లా అవుతుంది.
"దానికి కాళ్ళే ల్యావు.
దీనికి మీసాలుండాయి. యాడ పోలిక?"

పుస్తకం మొత్తం తిరగేశాను.
ప్రశ్నలన్నీ పెరిగినవాటికే.
పిల్లపురుగును గుర్తుపట్టే ప్రశ్న
ఒక్కటీ లేదు.
ఇరవై ఏళ్ళు ఒక ఇంటి పిల్లల్ని చంపి
ఆ ఇంటి పెద్దను
ఆ రాత్రే చూశాడు, అదీ ముచ్చటపడి.

భూతద్దం ఆయన చేతికిచ్చాను.
చాలాసేపు ఆ దాగిన కణుపు దగ్గరే ఉన్నాడు.
"జనాభా లెక్కలకొచ్చిన అయివారు
మన గడప కాడ ఆగిపోయినాడు, గుర్తుండాదా?
పేరట్ల, మాటిట్ల,
మిమ్మల్ని ఏ గడిలో రాసేదప్పా అని
పెన్ను నోట్లో పెట్టుకున్యాడు."
నవ్వాడు. నేను నవ్వలేదు.

బియ్యపుగింజల్లాంటి అక్షరాలతో చీటీ రాశాను.
కోడూరు, కడప జిల్లా.
రైల్వే గేటు దీపం.
సేకరించినది: పి. ఉసేనప్ప.
పైన జాతి పేరు రాసే గీత ఖాళీగా ఉంది,
పదకొండో ప్రశ్న దగ్గర ఆగాను.

మర్నాడు మామూలుగానే పనికి పోయాడు.
సాయంత్రం డబ్బాలో ముప్పై ఒకటి.
"ముప్పైరెండోది పుల్లకు తగిలింది గానీ..."
కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు,
ఇంకేం చెప్పలేదు.