ఎదురెళ్లిన నీళ్లు

పొద్దున ఆరున్నరకి
బుడమేరు మీంచి లేచిన మంచు
గన్నవరం రన్‌వేని మడతపెట్టి ఎక్కడో దాచేసింది.
కార్గో షెడ్డులో నా కాటా ఒక్కటే మేలుకునుంది,
ఎర్రంకెల్లో సున్నా, సున్నా, సున్నా.

గుంటూరు యార్డు శాంపిళ్లు చీకటితోనే దిగాయి.
తేజా రకం, అరకేజీ సంచులు నలభై.
దేనికో కుట్టు ఊడింది.
ఎక్స్‌రే దగ్గర ప్రసూనాంబ తుమ్మింది.
తుపాకీ పట్టుకున్న బీహారు కుర్రాడు
తుమ్మీ తుమ్మీ గోడకానుకుని హిందీలో ఏదో అన్నాడు,
నాకు కళ్లనీళ్ల వరకే అర్థమైంది.
మిర్చికేం తొందర లేదు.
ఎండిపోయింది గదా,
ఎప్పుడెళ్లినా అదే మంట.

ఆటోనగర్ నుంచి దస్తగిరి
పాత చీరలో చుట్టిన ఇనప ముక్కని
ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.
నాగపూర్ అవతలెక్కడో ఆగిపోయిన మిల్లు
ఇది పడితేగాని తిరగదట.
రాత్రంతా లేతు ముందు నిలబడ్డ మనిషి,
గోళ్ల సందుల్లో ఇంకా మెరుస్తోంది పొడి.
పదకొండు కేజీల మూడొందలు.
"చీర కూడా కలిపేశావా?"
విప్పమన్నాను.
విప్పలేదు, గీత పడుద్దన్నాడు.

బయట, నీళ్ల తొట్టి ఉన్న వ్యాను పక్కన నాంచారయ్య.
బాపట్ల దగ్గర హేచరీ అతనిది కాదు.
నీళ్లు మాత్రం అతనివే,
ఉప్పు చాలిందో లేదో నాలిక మీద వేసుకుని చెబుతాడు.
చెన్నై నుంచి తల్లి రొయ్యలు రావాలి.
సంచి చీలకుండా
ఒక్కోదాని ముక్కుకీ రబ్బరు తొడుగు వేస్తారట.
"మావాడు పరీక్షకెళ్తూ పెన్నుకి మూత కూడా పెట్టడు" అని నవ్వాడు.
రాత్రి పదకొండుకి కట్టిన సంచులు.
లోపల పద్నాలుగు గంటల గాలి.

ఏడింటికి చప్పుడొచ్చింది.
విమానం రాలేదు, చప్పుడొక్కటే వచ్చింది.
కేసరపల్లి మీదుగా, ఏలూరు కాలవ మీదుగా
మళ్లీ మా నెత్తి మీదుగా.
అందరం తలలెత్తాం
ఆ తెలుపులోకి,
దస్తగిరీ, ప్రసూనాంబా, తుమ్ములాగని కుర్రాడూ.
నాంచారయ్య ఎత్తలేదు.
మోచేతి దాకా తొట్లో ముంచి
అలాగే ఉంచాడు,
కిందున్న నీళ్ల సంగతి
పైవాటికి చెబుతున్నట్టు.

మూడు చుట్లు.
నాలుగోసారి సన్నబడి
హైదరాబాదు వైపు పోయింది.

అతను లోపలికొచ్చాడు.
నా బల్ల మీద, మిర్చి కాగితాల పక్కన
వేళ్లు మడుస్తూ లెక్కేశాడు.
దిగి బయటపడేసరికి తొమ్మిదిన్నర,
అక్కణ్ణుంచి రోడ్డున ఇక్కడికి ఆరు గంటలు.
వేళ్లు చాలాయి, గాలి చాలలేదు.
మళ్లీ మొదట్నుంచి లెక్కేశాడు.
ఏం తోచిందో, తడి చెయ్యి తీసుకెళ్లి
కాటా పళ్లెం మీద ఆనించాడు.
"ఎంతుంది?"
రెండు కేజీలు. రెండూ నాలుగొందలు. ఒకటీ తొమ్మిదొందలు.
అంకె నిలవలేదు.
నిలిస్తేగాని రాయకూడదు, అది మా రూలు.
అదే చెప్పాను అతనికి,
ఇంకేం చెప్పాలో తెలీక.

"సూర్యాపేట" అన్నాడు ఉన్నట్టుండి.
"వాళ్లు ఇటు రానీ, నేనటు పోతా.
సూర్యాపేటలో ఎదురుపడితే అరగంట మిగులుద్ది."
అప్పటికే పరిగెత్తుతున్నాడు.
మంచులోకి దూరింది వ్యాను,
నీళ్లు తొణికిన చప్పుడు కాసేపు వినపడింది.

తొమ్మిది దాటాక ఎండొచ్చింది.
రన్‌వే ఉన్నచోటే ఉంది,
మీద నాలుగు కొంగలు నడుస్తున్నాయి.
జీపువాడు టపాకాయ పేల్చి లేపాడు.
మధ్యాహ్నం విమానంలో మిర్చి వెళ్లింది.
ఇనప ముక్క వెళ్లింది, చీరతో సహా.

ఒంటిగంటకి ఫోను చేద్దామనుకున్నాను.
నంబరు తీసుకోలేదని అప్పుడు తెలిసింది.

కాటా పళ్లెం మీద తడి ఆరింది,
అయిదు వేళ్ల తెల్లటి ఉప్పు.
తుడిచి సున్నా చెయ్యాలి.
రేపు చేస్తాలే.