మబ్బుకి బాధ్యులు

మా దీవుల్లో పొగమంచుకి ఉన్నన్ని పేర్లు
మా పిల్లలకి లేవు.
కొండ మెడకి చుట్టుకునేది ఒకటి,
లోయలో పాకుతూ శిఖరాన్ని వదిలేసేది ఒకటి,
సముద్రం మీంచి లేచొచ్చి
మనిషినీ గొర్రెనీ ఒక్కటి చేసేది ఇంకొకటి.
అన్నీ తెలిసిన నన్ను
"రేపు పొద్దున తెరిపి ఇస్తుందా?" అని
మూడో గదిలో దిగిన హయషిదా గారు అడిగితే
రొట్టె మీద వెన్న రాస్తూ ఉండిపోయాను.

నాలుగేళ్ళ కిందటే గదులు మాట్లాడుకున్నారు వీళ్ళు.
అప్పుడు నవ్వొచ్చింది.
బట్టలారేయడానికి గంట ముందు కూడా
ఇక్కడి ఆకాశాన్ని మేం నమ్మం.

హయషిదా గారికి ఇది పదకొండో గ్రహణం.
చూసిన ఏడింటి ఊసే ఎత్తడు,
మబ్బుకి పోయిన మూడింటి గురించే చెప్తాడు
తప్పించుకున్న చేప గురించి జాలరి చెప్పినట్టు,
ప్రతిసారీ కాస్త పెద్దది చేసి.

రాత్రి భోజనాల దగ్గర ఎవరూ తినలేదు.
ఫోన్ల మీద మబ్బుల్ని
వేలితో పక్కకి నెడుతూ కూర్చున్నారు.
మాడిన కూరకి చెప్పినట్టు
వాతావరణానికి నేను క్షమాపణ చెప్పాను.

మాలన్ పెద్దమ్మ మాత్రం
అల్లిక ఆపకుండా అంది:
యాభైనాలుగులో తనకి ఏడేళ్ళట,
ఊరంతా ముసురట.
నాన్న పడవ మబ్బుకి అవతల ఉందట.
తిరిగొచ్చాక ఏం చూశావని అడిగితే
వలలు దించుతూ "చీకటి" అన్నాడట.
అంతే. అరవై ఏళ్ళుగా
ఆ ఒక్క మాట మీద కోపంగా ఉంది.

మూడింటికి మెలకువొచ్చింది.
నాకేం పట్టదనుకున్నదాన్ని
చెప్పుల్లేకుండా వాకిట్లోకి పోయాను.
చేపల షెడ్డు మీద ఒకే ఒక చుక్క.
అందర్నీ లేపుదామా అనుకునేలోపు
అదీ లేదు.

తెల్లారేసరికి కిటికీల నిండా బూడిద.
ఎనిమిదిన్నరకి తమ్ముడు యాల్‌గ్రిమ్ ఫోను:
"పక్క దీవిలో చిరుగు కనబడుతోంది,
రండి, రండి, మాట్లాడకండి!"

వ్యాన్లో పదకొండుగురం,
ఆరు కెమెరాలు, ఒడిలో తొక్కుకుపోయిన రొట్టెలు.
కడలి కింది సొరంగంలోకి దిగగానే
రేడియో గరగరమని ఆగిపోయింది.
నెత్తిన సముద్రం, దాని పైన మబ్బు,
దాని పైన ఎవర్నీ అడక్కుండా
మొదలైపోయిన పని.
హయషిదా గారు గడియారాన్ని
అరచేత్తో మూసేశాడు.

ముందు సీట్లో పెద్దమ్మ
అట్ట కళ్ళద్దాలు అప్పుడే పెట్టేసుకుంది.
"ఇంకా సొరంగంలోనే ఉన్నాం పెద్దమ్మా" అన్నాను.
"తెలుసులే, ఏమీ కనబడ్డం లేదు," అంది,
"బాగానే పనిచేస్తున్నాయి."